బొట్టు కింద బిరడా

స్క్రూ జోలికి పోకముందు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం నాలుగు మాటలు రాయమని మా బస్సు డిపోవాళ్ళు అడిగారు. రిటైరైన మెకానిక్ నాలుగు మాటలతో ఆగుతాడని నమ్మారంటే వాళ్ళ అమాయకత్వానికి నా నమస్కారం. నేను ఎప్పుడు ఫోర్మన్‌నయ్యాను, ఎవరి సంతకంతో అయ్యాను, చివరి రోజు ఎవరు దండ వేశారు అనేవి ఇందులో ఉండవు. దండ వేసిన పెద్దమనిషే మర్నాడు నా పానాల పెట్టె తాళం చెవి అడిగి తీసుకున్నాడు.

ఒక్క ఇంజన్ సంగతి రాస్తాను. అందులో వచ్చిన ఒక్క జబ్బు సంగతి.

బండి నిలబెట్టి, కాలు తీసేస్తే ఇంజన్ మెల్లగా, ఒకే తీరుగా తిరగాలి. దాన్నే ఐడ్లింగ్ అంటాం. అలా కాకుండా, కాలు పెట్టకపోయినా ఎవరో తొక్కుతున్నట్టు అరుస్తూ, పైగా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ ఉందనుకోండి. కొత్త మెకానిక్ చెయ్యి నేరుగా కార్బురేటర్ స్క్రూ మీదికి పోతుంది. తిప్పగానే చప్పుడు మారుతుంది. చప్పుడు మారగానే మనం ధన్వంతరులమైపోతాం. ఓనరు తల ఊపుతాడు, మనం చేతులు తుడుచుకుంటాం, బండి నాలుగు మైళ్ళు పోయేసరికి జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది.

అసలు సంగతి చాలా చిన్నది. ఇంజన్ ఎక్కువ తిరుగుతోందంటే ఎక్కువ గాలి తాగుతోందని అర్థం. వణుకుతోందంటే ఆ గాలి కార్బురేటర్‌కు చెప్పకుండా దొంగదారిన వస్తోందని అర్థం. ఈ రెండు వాక్యాలు నేర్చుకోవడానికి ఒక మనిషి ఉద్యోగం పోవాల్సి వచ్చింది. పోయింది నా ఉద్యోగం కాదు, అందుకే నేను అంత నిదానంగా నేర్చుకున్నాను.

బొగ్గు బండ్లు

యుద్ధం రోజుల్లో పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవాళ్ళు. ఆ కూపన్లకు వచ్చే పెట్రోలు లారీకి దిష్టి తీయడానికి సరిపోయేది. అందుకని లారీ పక్కన ఇనుప డబ్బా ఒకటి కట్టి, అందులో బొగ్గులు రగిలించి, ఆ గ్యాసుతో ఇంజన్ నడిపేవాళ్ళం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పాతిక మైళ్ళ పైచిలుకు. పొద్దున బయల్దేరిన బొగ్గు బండి మధ్యాహ్నం భోజనాలకు చేరితే ఆ డ్రైవరును ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. దిగినవాళ్ళ మొహాలను కట్టుకున్న భార్యలు కూడా గుర్తుపట్టేవాళ్ళు కాదు.

ఆ గ్యాసు ఇంజన్‌లోకి పోవాలంటే మానిఫోల్డ్‌కు ఒక బొక్క వేయాలి. మానిఫోల్డ్ అంటే కార్బురేటర్ కలిపిన గాలీ పెట్రోలూ సిలిండర్లకు పంచిపెట్టే ఇనుప గొట్టం. రూపాయి బిళ్ళంత బొక్క వేసి, గ్యాసు గొట్టం బిగించేవాళ్ళం.

యుద్ధం అయిపోయింది. కూపన్లు పోలేదు గానీ కాస్త చెయ్యి వదిలి ఇవ్వసాగారు. బొగ్గు డబ్బాలు పీకించుకోవడానికి లారీలు నంద్యాలలో మా షాపు ముందు వరస కట్టాయి. షాపు దస్తగిరి మేస్త్రిది. ఆయన దగ్గర నేను ఆరేళ్ళు పనిచేశాను. "తెలియదు" అనే మాట ఆ ఆరేళ్ళలో ఆయన నోట వినలేదు. దాని బదులు "స్క్రూ తిప్పి సూద్దాం" అనేవాడు. అన్నం మాత్రం కడుపు నిండా పెట్టేవాడు, అది కూడా చెప్పాలి.

అలా వచ్చినవాటిలో ఆళ్లగడ్డ ఓబుళరెడ్డి లారీ ఒకటి. రెడ్డికి వేరుశనగ, పత్తి, మాట తొందర, మూడూ బాగా పండేవి. డబ్బా పీకి, గొట్టం తీసేసి, ఆ బొక్కకు లేతు మిషన్ మీద మరలు తీసిన ఇనుప బిరడా బిగించమని మేస్త్రి నాకు చెప్పాడు. లేతు దగ్గర మూడు రోజుల పని ముందే పడి ఉంది. రెడ్డి బయట నిలబడి గడియారం చూస్తున్నాడు. నేను తుమ్మ చెక్క ఒకటి తీసుకుని, బిరడాలాగా చెక్కి, సిందూరం అవిసె నూనెలో కలిపిన ముద్ద పట్టించి, సుత్తితో దిగ్గొట్టాను. సందులు మూయడానికి ఆ ఎర్ర ముద్దను మించింది అప్పట్లో లేదు. నాలుగు రోజుల తర్వాత తీరిగ్గా ఇనుపది వేద్దామనుకున్నాను. మేస్త్రికి మాత్రం ఇనుపదే వేశానని చెప్పాను.

నాలుగు రోజుల పని అనుకున్నది మూడేళ్ళు నిలిచింది. తుమ్మ చెక్క గట్టిదనం గురించి ఎవరికైనా అనుమానం ఉంటే నన్నడగండి.

అరిచే లారీ

మూడేళ్ళ తర్వాత ఆ లారీ అరుస్తూ వచ్చింది. అప్పటికి నా చేతి మీదుగా లెక్కలేనన్ని లారీలు పోయాయి, ఆ బిరడా సంగతి నా బుర్రలోంచి పూర్తిగా పోయింది.

దాని డ్రైవరు హుసేనప్పది శిరివెళ్ల. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఊరు. మాట తక్కువ మనిషి. ఇంజన్ ఆపాక వెంటనే దిగడు, అది పూర్తిగా సద్దుమణిగేదాకా సీట్లోనే కూర్చుంటాడు. డ్రైవర్లలో ఇంజన్‌ను వినేవాళ్ళు తక్కువ, హుసేనప్ప వినేవాడు.

"నాగన్నా, పొద్దున సల్లగున్నప్పుడు బాగానే ఉంటాది. ఏడెక్కినాక కాలు పెట్టకుండానే అరుస్తాంది. నిలబెడితే ఒణుకుతాంది. సూడప్పా," అన్నాడు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక చెడిపోతోందని మనిషి నోటితో చెప్పాడు. సగం జబ్బు పేరు చెప్పేసినట్టే. మేము వినలేదు. మేస్త్రి స్క్రూ తిప్పాడు. వారానికి మళ్ళీ వచ్చింది. స్క్రూ పూర్తిగా వెనక్కి తిప్పేశాడు. అయినా అరుస్తూనే ఉంది. స్క్రూ మొత్తం వెనక్కి పోయి కార్బురేటర్ గాలిదారి మూసుకున్నాక కూడా ఇంజన్ అరుస్తోందంటే గాలి వేరే దారిన వస్తోందని ఇప్పుడు డిపోలో నిన్న చేరినవాడైనా చెప్తాడు. మేస్త్రి చెప్పింది వేరు.

"ఆకలికి ఒణుకుతాంది. జెట్టు పెద్దది వెయ్."

జెట్టు అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం. పెద్దది వేశాను. వణుకు తగ్గింది, పెట్రోలు తాగడం పెరిగింది. దొంగగాలి ఎక్కువైన ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ పోస్తే కాసేపు తృప్తిగానే ఉంటుంది. ఆ కాసేపు కూడా చాలక హుసేనప్ప గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే చోక్ సగం లాగి నడపడం మొదలుపెట్టాడు, పెట్రోలు ఇంకా పెరిగింది. నెల మొత్తానికి ఇచ్చిన కూపన్లు ఇరవై రోజులకే అయిపోసాగాయి.

ఆ రోజుల్లో డ్రైవర్లు పెట్రోలు అమ్ముకోవడం ఎంత మామూలంటే, అమ్ముకోనివాడు ఉన్నాడంటే నమ్మేవాళ్ళు కాదు. ఓబుళరెడ్డికి అనుమానం రావడంలో వింత లేదు.

ఒక మధ్యాహ్నం, మేస్త్రి భోజనానికి ఇంటికి వెళ్ళిన సమయం చూసి హుసేనప్ప లారీ తెచ్చాడు.

"రెడ్డి నన్ను ఒగ రకంగా సూస్తాండాడు. దీంట్ల ఏందో ఉండాది నాగన్నా. అది దొరక్కపోతే నేను దొంగనైతా. మేస్త్రి ఉంటే మల్ల స్క్రూ తిప్పుతాడు. నువ్వు నిదానంగా సూడు."

ఆ పూట నేను పని సరిగ్గానే చేశాను. యాక్సిలేటర్ కడ్డీ ఎక్కడైనా పట్టేసిందేమోనని విప్పి చూశాను, లేదు. టైమింగ్ చూశాను, సరిగ్గా ఉంది. ఇంజన్ తిరుగుతుండగా కార్బురేటర్ నోరు అరచేత్తో మూశాను. గాలి రాకపోతే ఇంజన్ ఆగిపోవాలి. ఇది ఆగలేదు, గునుస్తూ తిరుగుతూనే ఉంది. అంటే ఎక్కడో సందుంది. నూనె డబ్బా తీసుకుని అతుకు అతుకునా నూనె చుక్కలు వేసుకుంటూ వచ్చాను. సందున్న చోట నూనె పడితే లోపలికి పీల్చుకుని చప్పుడు మారుతుంది. కార్బురేటర్ కింద ప్యాకింగు, మానిఫోల్డ్ రెండు చివర్లు, అద్దం తుడిచే వైపర్‌కు ఇంజన్ నుంచి పోయే గాలి గొట్టం, అన్నిచోట్లా వేశాను. ఒక్క చోటు తప్ప.

నూనె వేయని చోటు

మానిఫోల్డ్ మధ్యలో బొట్టు ఉంది. పసుపు, దాని మీద సిందూరం, దాని మీద మళ్ళీ పసుపు, మళ్ళీ సిందూరం. ఏటేటా దసరాకు పెట్టినవి ఒకదాని మీద ఒకటి పేరుకుని వేలు మందాన గట్టిపడ్డాయి. అంచుల వెంబడి సన్నగా పగుళ్ళు కూడా కనిపించాయి. పాత పూజ కదా, పగలక ఏం చేస్తుంది అనుకున్నాను.

మా వైపు షాపుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఓనరు ఇంటివాళ్ళు పెట్టిన బొట్టు మీద మెకానిక్ చెయ్యి పెట్టకూడదు. దానంతటది రాలిపోవాలి తప్ప తుడవకూడదు. అంతకుముందు ఎవడో తుడిచాడట, ఆ లారీ వెలుగోడు దారిలో బోల్తా పడిందట. బ్రేకు లేని లారీ బోల్తా పడటానికి బొట్టు సాయం ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నూనె డబ్బా ముక్కును బొట్టు దాకా తీసుకెళ్ళి, దండం పెట్టినంత మర్యాదగా పక్కకు తిప్పేశాను.

"ఇంజన్ల ఏం ల్యా హుసేనప్పా," అన్నాను చేతులు తుడుచుకుంటూ.

ఆయన నా మొహం వైపు చూశాడు.

"ఏం ల్యా అంటాండావా, నీకు దొరకల్యా అంటాండావా?"

"రెండూ ఒగటే గదన్నా," అన్నాను.

కొత్తగా వచ్చేవాళ్ళు ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఆ ప్రశ్న ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రెండూ ఒకటి కావు. "నాకు దొరకలేదు" అని ఉంటే ఆయన ఇంకో షాపుకైనా పోయేవాడు. నేను ఏమీ లేదని తేల్చి చెప్పాను, ఆ మాట రెడ్డి దాకా పోయింది. ఆరేళ్ళలో మేస్త్రి దగ్గర నేను పూర్తిగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

రెడ్డి మాట, మేస్త్రి సలహా

తర్వాత జరిగింది శిరివెళ్ల సంతలో జరిగింది. నేను అక్కడ లేను. అయినా మర్నాటికల్లా నంద్యాలలో ప్రతి టీ బంకుకూ వార్త చేరింది. మిరపకాయల కుప్పల దగ్గర లారీ ఆపించి, ఊరంతా వింటుండగా ఓబుళరెడ్డి హుసేనప్పను నిలదీశాడు.

"నంద్యాల మెకానిక్కే ఇంజన్ల ఏం ల్యా అన్యాడు. అట్లయితే పెట్రోలు యాడికి పోతాంది? గాలికి పోతాందా?"

గాలికే పోతోంది. రెడ్డి జీవితంలో ఇంజన్ గురించి అన్న నిజమైన మాట అదొక్కటే, పాపం ఆయనకు తెలియదు.

పెట్రోలు అమ్ముకోలేదని దర్గా దగ్గర ప్రమాణం చేస్తే పనిలో ఉండనిస్తానన్నాడు. మా సీమలో ప్రమాణం చేయనంటే దొంగతనం ఒప్పుకున్నట్టే లెక్క.

"సేయని దానికి ప్రమాణం ఎందుకు సేయల్ల రెడ్డీ?" అని హుసేనప్ప తాళం చెవి లారీ బానెట్ మీద పెట్టి, ఇంటికి నడిచిపోయాడట. శిరివెళ్లలో ఆయన ఇల్లు ఆ సంతకు కనబడేంత దూరమే.

పదిహేను రోజులకు లారీని కొత్త డ్రైవరు తెచ్చాడు. ప్యాపిలి మనిషి, ఈ పద్ధతులేవీ తెలియవు. మురికిగా ఉందని కిరసనాయిలు పోసి, గోనె పట్టాతో ఇంజనంతా ముందే రుద్ది కడిగి తెచ్చాడు. బొట్టు పోయింది. బానెట్ ఎత్తగానే బొట్టు ఉన్న చోట నల్లగా మాడిన చెక్క కనిపించింది. దాని చుట్టూ గోరు దూరేంత సందు ఉంది. చల్లగా ఉన్నప్పుడు ముద్ద కాస్త పట్టి ఉంచేది, మానిఫోల్డ్ వేడెక్కగానే సందు తెరుచుకునేది. చేత్తో లాగితే బిరడా ఊడొచ్చింది. దాని మీద నా కత్తి గాట్లు నేను గుర్తుపట్టాను.

 మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళి అంతా చెప్పాను. ఇనుపది వేశానని మూడేళ్ళ కింద అబద్ధం చెప్పింది కూడా చెప్పాను. ఆయన బిరడాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇనుపది కొట్టు. పాత జెట్టు వెయ్. కార్బురేటర్ కడిగినామని చెప్పు. జప్పున పంపీ."

"మరి హుసేనప్పో?"

"డ్రైవర్ల సంగతి మనకేందప్పా? మనది ఇంజన్ల పని."

నేను అలాగే చేశాను. ఇంతవరకూ మేస్త్రిని ఎకసెక్కాలాడాను గానీ, ఆ రోజు ఆయన చెప్పిన ప్రతి పనీ నా చేతులే చేశాయి. ఇంజన్ చక్కగా తిరిగింది. మెల్లగా, ఒకే తీరుగా. అంత మంచి ఐడ్లింగ్ నేను అంతకుముందు ఏ లారీకీ కుదర్చలేదు.

నెల తిరిగేసరికి ఓబుళరెడ్డి కులాసాగా షాపుకొచ్చాడు.

"సూస్తివా నాగన్నా? వాడు పోయినాడు, పెట్రోలు మిగుల్తాంది. కూపన్లు ఇంగా ఉండాయి. ఇంగేం సాక్ష్యం గావల్ల?"

నేను బాగు చేసిన ఇంజనే హుసేనప్ప మీద సాక్ష్యం చెప్తోంది. మొదటిసారి నా నోటి మాట ఆయన్ను అనుమానంలోకి నెట్టింది, రెండోసారి నా చేతి పని దొంగ అని ముద్ర వేసింది. పని తప్పుగా చేసి మనిషికి చెడు చేయడం అందరికీ చేతనవుతుంది. పని సరిగ్గా చేసి చెడు చేయడానికి మాత్రం నాలాంటివాడు కావాలి.  మూడు రోజులు అసలు సంగతి చెప్పకుండా నెట్టుకొచ్చాను. నాలుగో రోజు బిరడా జేబులో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

మిరపకాయల దగ్గర

రెడ్డి ఇంటి నడవలో చెప్పాను. బిరడా ఆయన ముందు పెట్టాను. ఆయన నమ్మడానికి కొంతసేపు పట్టింది. ఆయన తల్లికి మాత్రం వెంటనే అర్థమైంది.

"ఆడ ఎర్రగా ఉంటే నువ్వే బొట్టు పెట్టినావనుకుంటి గదప్పా. నువ్వు పెట్టిన తావులోనే నేనూ ఏటేటా పెడతాండా," అంది ఆవిడ నాతో.

మూడేళ్ళు ఆ తల్లి నా సోమరితనానికి పూజ చేసింది. నేను ఆ పూజకు దండం పెట్టి పక్కకు తప్పుకున్నాను.

 రెడ్డి హుసేనప్పను మళ్ళీ పనిలోకి రమ్మని చెప్పమన్నాడు. చెప్పమన్నది నన్ను. తాను వెళ్ళి చెప్పాలనే ఆలోచన ఆయనకు రాలేదు. ఆస్తిపరులకు కొన్ని ఆలోచనలు రావు.

తిరుగు బస్సులో శిరివెళ్లలో దిగాను. హుసేనప్ప ఇంటి ముందు జట్కా చక్రానికి పట్టా బిగిస్తున్నాడు. లారీ పోయాక ఆయన పట్టుకున్న పని జట్కా తోలడం. రెడ్డి చెప్పిన మాటతో సహా అంతా చెప్పాను. నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన పని ఆపకుండా విన్నాడు.

"ఈ మాట రెడ్డికి యాడ జెప్తివి?"

"ఇంట్లో."

"నాకు?"

"ఈడ, నీ ఇంట్లో."

"నన్ను దొంగ అన్యది సంతలో గదప్పా. ఆడెవరు జెప్తారు?"

 నంద్యాలకు వచ్చి మేస్త్రికి ఈ మాట చెప్పాను. సంతలో నోరు విప్పితే మళ్ళీ షాపు గడప తొక్కొద్దన్నాడు. షాపు పేరు పోతుందన్నాడు. అది నిజమే. నాకు అప్పటికి పెళ్ళై ఏడాది, ఇంకో షాపులో పని దొరుకుతుందన్న నమ్మకం లేదు. వారం మొత్తం, పోకుండా ఉండటానికి కారణాలు వెతికాను. ఒక్కటి కాదు, పది దొరికాయి. అన్నీ మంచి కారణాలే.

సంత రోజు పొద్దున్నే శిరివెళ్లకు పోయాను. మిరపకాయల కుప్పల దగ్గర బేరాలు జోరుగా జరుగుతున్నాయి. ఘాటుకు తుమ్ములు, తక్కెళ్ళ చప్పుడు, ఎడ్ల గంటలు. ఎత్తుగా ఉంటుందని ఒక బండి నొగ మీదికెక్కాను. జట్కా పక్కన హుసేనప్ప నిలబడి ఉన్నాడు. ఆయన భార్య ఉల్లిగడ్డలు ఏరుకుంటూ చెయ్యి ఆపింది.

"నేను నంద్యాల మెకానిక్కు నాగన్నను. ఓబుళరెడ్డి లారీలో పెట్రోలు పోయింది నా వల్ల. నేను కొట్టిన చెక్క బిరడా వదులై అట్ల పోయింది. హుసేనప్ప ఒగ సుక్క గూడా అమ్ముకోల్యా," అని బిరడా పైకెత్తి చూపించాను.

సగం మాటలు మింగేశాను. ముందున్న పది పదిహేను మంది తలెత్తి చూశారు. ఒకతను నవ్వాడు. మిగతావాళ్ళు మళ్ళీ బేరంలో పడ్డారు. అయిపోయిందనుకుని దిగబోయాను.

హుసేనప్ప కదల్లేదు. అక్కడి నుంచే అన్నాడు.

"ఇంగోసారి చెప్పప్పా. ఎనకోళ్ళకు ఇనపల్యా."

మళ్ళీ చెప్పాను. ఈసారి అరిచి చెప్పాను.